తెలుగునాట బ్యాడ్మింటన్ డబుల్స్: గుత్తా జ్వాల క్రీడాజీవితం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

బ్యాడ్మింటన్‌లో తెలుగువారి చరిత్ర ఇంతవరకు ఎక్కువగా సింగిల్స్ విజేతల చరిత్రగానే రూపొందింది. డబుల్స్‌నే వృత్తిగా చేసుకొన్న గుత్తా జ్వాల క్రీడాజీవితాన్ని (2000-2016) ఆధారంగా తీసుకొని, జంటగా ఆడే ఆటను ఒక్కొక్క వ్యక్తి లెక్కన కొలిచే వ్యవస్థల వల్ల తలెత్తిన చిక్కులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ చిక్కులు తరువాతి తరంలో, ముఖ్యంగా రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ కాలంలో, ఎంతవరకు తీరాయన్నది చివరి భాగంలో చర్చించడమైనది.

కీలక పదాలు: బ్యాడ్మింటన్, డబుల్స్, గుత్తా జ్వాల, క్రీడాచరిత్ర, హైదరాబాదు, సాత్విక్ సాయిరాజ్.

ఉపోద్ఘాతం:

తెలుగువారి బ్యాడ్మింటన్ గురించి రాసే ప్రతి వ్యాసం దాదాపు ఒకే వరుసలో నడుస్తుంది. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్, 2008లో గచ్చిబౌలిలో ఆయన అకాడమీ, అక్కడి నుండి 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పి.వి. సింధు రజతం, 2017లో కిదాంబి శ్రీకాంత్ గెలిచిన నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు. ఇవన్నీ గొప్ప విజయాలే. అయితే ఇవన్నీ సింగిల్స్ విజయాలు. ఇదే కాలంలో హైదరాబాదు నుండే ఒక డబుల్స్ క్రీడాకారిణి కామన్వెల్త్ స్వర్ణం (2010), ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం (2011) గెలిచింది, ఒకే ఒలింపిక్స్‌లో రెండు విభాగాలకు అర్హత పొందింది (2012). ఈ వరుసలో ఆమె పేరు వచ్చేసరికి మాత్రం కథ విజయాల మీదుగా కాక వివాదాల మీదుగా సాగుతుంది.

ఎందుకిలా జరిగింది? ఆమె స్వభావం ముక్కుసూటిదనీ, అందుకే గొడవలు వచ్చాయనీ చెప్పడం పత్రికలకు సరిపోయింది. చరిత్ర విద్యార్థికి ఆ సమాధానం చాలదు. ర్యాంకు, వేతనం, పురస్కారం, శిక్షణ, చివరికి జ్ఞాపకం కూడా వ్యక్తి పేరుతో నమోదయ్యే చోట, జంటగా మాత్రమే గెలవగలిగిన క్రీడాకారిణికి ఏం జరుగుతుందన్నది అసలు ప్రశ్న. జ్వాల గొడవల్లో చాలావాటి మూలం అక్కడే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆవరణలో ఆట, ఆరుబయట ఆట:

ముందుగా ఈ ఆట ఎక్కడ ఆడగలమన్న విషయం చూడాలి. షటిల్ బరువు 4.74 నుండి 5.50 గ్రాములు. పదహారు ఈకల ఈ చిన్న వస్తువును ఏ కొద్ది గాలైనా దారి తప్పిస్తుంది. పోటీ స్థాయి ఆటకు పైకప్పు, ఎత్తైన గోడలు, సరైన నేల, వెలుతురు తప్పనిసరి. అందువల్ల ఈ ఆట మొదటినుండీ భవనాలున్న నగరానికి కట్టుబడిపోయింది.

నకిరేకల్ వంటి ఊరి నుండి చూసినప్పుడు ఈ సంగతి మరింత స్పష్టంగా తెలుస్తుంది. హైదరాబాదు-విజయవాడ రహదారి మీద, రాజధానికి నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పట్టణమిది. ఇటువంటి ఊళ్ల పాఠశాల మైదానాలకు సరిపడేది ఊలుబంతితో, జట్టుకు ఐదుగురితో, ఆరుబయట ఆడే బాల్ బ్యాడ్మింటన్. వరంగల్‌లో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య ఆ ఆటలో 1970లో అర్జున పురస్కారం పొందారు. అంటే ర్యాకెట్ పట్టి, పక్కవాడి స్థానం చూసుకొంటూ జట్టుగా ఆడే అలవాటు తెలంగాణ మెట్ట ప్రాంతానికి కొత్తది కాదు. కొత్తదల్లా ఆవరణ. షటిల్ నేర్చుకోవాలంటే రహదారి పట్టుకొని హైదరాబాదుకు వెళ్లవలసిందే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల క్రీడాచరిత్ర రాసేవారు ఈ భౌతిక పరిమితిని ప్రతిభ లేమిగా పొరబడే ప్రమాదం ఉంది.

హైదరాబాదులో ఆ ఆవరణ లాల్ బహదూర్ స్టేడియం. అక్కడి గురువు సయ్యద్ మొహమ్మద్ ఆరిఫ్. 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ అందుకొన్న ఆరిఫ్ సాబ్ శిష్యుల్లో గోపీచంద్ ఉన్నారు, జ్వాల కూడా ఉన్నారు. తరువాతి కాలంలో ఎదురెదురుగా నిలిచిన ఈ ఇద్దరూ ఒకే గురువు దగ్గర ఆట నేర్చినవారన్నది గుర్తుంచుకోదగిన విషయం.

సింగిల్స్ నుండి డబుల్స్‌కు:

జ్వాల 1983 సెప్టెంబరు 7న వార్ధాలో జన్మించారు. తండ్రి క్రాంతి తెలుగువారు. తల్లి యెలాన్ చైనాలో పుట్టి, గాంధేయుడైన తాతగారి వెంట భారతదేశానికి వచ్చినవారు. వార్ధాకూ ఆ కుటుంబానికీ ఉన్న సంబంధం సేవాగ్రామ్ ద్వారా ఏర్పడింది. జ్వాల పెరిగింది, ఆట నేర్చింది హైదరాబాదులో.

అందరిలాగే ఆమె కూడా సింగిల్స్‌తో మొదలుపెట్టారు. 2000లో, పదిహేడేళ్ల వయసులో, జాతీయ జూనియర్ టైటిల్ గెలిచారు. అదే ఏడాది శ్రుతి కురియన్‌తో కలిసి జూనియర్, సీనియర్ మహిళల డబుల్స్ టైటిళ్లు కూడా గెలుచుకొన్నారు. ఆ తరువాత 2002 నుండి 2008 దాకా వరుసగా ఏడేళ్లు జాతీయ మహిళల డబుల్స్ ఈ జంటదే. సింగిల్స్‌లో జూనియర్ విజేత అయి ఉండి డబుల్స్‌ను ఎంచుకోవడం అప్పట్లో వింత నిర్ణయం. డబుల్స్ అంటే సింగిల్స్‌లో వెనుకబడినవారు ఆడేదనీ, లేదా సింగిల్స్ ఆడేవారు తీరిక వేళ ఆడేదనీ ఒక భావన ఉండేది. పుస్తకాల్లో ఎక్కని ఈ చిన్నచూపు తరువాతి చాలా నిర్ణయాల వెనుక పనిచేసింది.

నిజానికి ఈ రెండూ వేర్వేరు విద్యలు. కోర్టు పొడవు 13.40 మీటర్లు రెండింటికీ ఒకటే. వెడల్పు సింగిల్స్‌లో 5.18 మీటర్లు, డబుల్స్‌లో 6.10 మీటర్లు. సర్వీసు దగ్గర మాత్రం డబుల్స్ కోర్టు పొట్టిదవుతుంది, వెనుక గీత 76 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. అందువల్ల ఎత్తుగా, దూరంగా వేసే సర్వీసు ఇక్కడ ఆత్మహత్యతో సమానం. నెట్ అంచును రాసుకొన్నట్లు తక్కువ ఎత్తులో వేయాలి, వేసిన మరుక్షణం ఎదుటివారి తొలి దెబ్బకు సిద్ధపడాలి. దాడి చేసేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనుక నిలుస్తారు. కాచుకొనేటప్పుడు ఇద్దరూ పక్కపక్కకు వస్తారు. ఒక ర్యాలీలో ఈ మార్పు ఎన్నోసార్లు జరుగుతుంది. మాట్లాడుకొనే వ్యవధి ఉండదు. ఎవరు ఎటు కదులుతారో ముందే తెలిసి ఉండాలి, అది ఏళ్ల తరబడి కలిసి ఆడితే తప్ప రాదు.

2006లో లెక్కింపు పద్ధతి మారడం ఈ విద్య విలువను పెంచింది. అంతకుముందు సర్వీసు చేస్తున్న పక్షానికే పాయింటు వచ్చేది, డబుల్స్‌లో జంటకు రెండు సర్వీసు అవకాశాలుండేవి. కొత్త పద్ధతిలో ప్రతి ర్యాలీకి పాయింటు, గేముకు 21 పాయింట్లు, జంటకు ఒకే సర్వీసు. నెట్‌కు తగిలిన సర్వీసు ఇంతకుముందు అవకాశం మాత్రమే పోగొట్టేది, ఇప్పుడు నేరుగా పాయింటు ఇచ్చేస్తుంది. జ్వాల బలం సర్వీసు, నెట్ దగ్గరి ఆట. పైగా ఆమెది ఎడమచేతి వాటం. కొత్త పద్ధతి ఆమెకు కలిసివచ్చిందనే చెప్పాలి.

రెండు జంటలు, ఒక క్రీడాకారిణి:

2009-2012 మధ్య నాలుగేళ్లు ఆమె వృత్తిజీవితంలో అత్యంత ఫలవంతమైనవి. ఈ కాలంలో ఆమె రెండు జంటల్లో సగం. మిక్స్‌డ్ డబుల్స్‌లో కేరళకు చెందిన వి. దిజు, మహిళల డబుల్స్‌లో కర్ణాటకకు చెందిన అశ్విని పొన్నప్ప ఆమె భాగస్వాములు. 2009 ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ హైదరాబాదులోనే జరిగింది. అక్కడ దిజు-జ్వాల క్వార్టర్ ఫైనల్ చేరారు. అదే ఏడాది చైనీస్ తైపీ గ్రాండ్ ప్రి గోల్డ్ టైటిల్ గెలిచి, డిసెంబరులో జొహోర్ బహ్రులో జరిగిన సూపర్ సిరీస్ మాస్టర్స్ ఫైనల్స్‌లో రెండవ స్థానంలో నిలిచారు. ప్రపంచ ర్యాంకుల్లో మొదటి పది స్థానాల్లోకి ఎక్కారు.

అశ్వినితో జత కుదిరిన తీరు వేరు. వెనుక నుండి అశ్విని కుడిచేతి స్మాష్, ముందు జ్వాల ఎడమచేతి నెట్ ఆట. కుడి ఎడమ వాటాల జంట కోర్టు రెండు అంచులనూ ఫోర్‌హ్యాండ్‌తో కాయగలదు. 2010 అక్టోబరు 14న ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల చివరి రోజు ఈ జంట సింగపూర్‌కు చెందిన షింతా ములియా సారి, యావో లీలను ఓడించి స్వర్ణం గెలిచింది. అదే రోజు సైనా సింగిల్స్ స్వర్ణం గెలిచారు. 38 స్వర్ణాలతో భారత్, 37 స్వర్ణాలున్న ఇంగ్లండును దాటి పతకాల పట్టికలో రెండవ స్థానానికి చేరింది. రెండు స్వర్ణాల్లో ఏది లేకున్నా ఆ దాటడం సాధ్యం కాదు. అయినా ఆ రోజు కథలో సైనా స్వర్ణమే నిలిచిపోయింది.

2011 ఆగస్టులో లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఈ ఇద్దరికీ కాంస్యం దక్కింది. 1983లో ప్రకాశ్ పదుకోన్ సాధించిన కాంస్యం తరువాత ఈ పోటీలో భారత్‌కు వచ్చిన పతకం ఇదే. ఇక్కడ ఒక చిన్న విషయం గమనార్హం. పతకం ఇద్దరిదీ ఒకటే. అర్జున పురస్కారం మాత్రం జ్వాలకు 2011లో, అశ్వినికి 2012లో వచ్చింది. తప్పు ఎవరిదీ అని కాదు. పురస్కారపు పత్రంలో ఒక పేరు రాసే చోటే ఉంటుంది.

ప్రాంతీయ చరిత్ర రాసేవారికి కూడా ఇదే ఇబ్బంది. దిజు, అశ్విని తెలుగువారు కారు. జ్వాల సాధించినదాన్ని తెలుగువారి ఖాతాలో వేసుకొంటే సగమే నిజమవుతుంది. సింగిల్స్ విజేతలకు ఈ చిక్కు లేదు. బహుశా వారి చరిత్ర సులువుగా రాయబడటానికి ఇదీ ఒక కారణం.

లండన్ 2012:

లండన్ ఒలింపిక్స్‌లో మహిళల డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ రెండింటికీ అర్హత పొందిన జ్వాల, బ్యాడ్మింటన్‌లో రెండు విభాగాల్లో ఆడిన తొలి భారతీయురాలు. మిక్స్‌డ్‌లో దిజుతో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు. మహిళల డబుల్స్ కథ మరోలా సాగింది.

ఒలింపిక్స్ డబుల్స్‌లో గ్రూపు దశను ప్రవేశపెట్టింది ఆ ఏడాదే. జ్వాల-అశ్విని తొలి మ్యాచ్‌లో జపాన్ జంట ఫుజీ, కకీవా చేతిలో ఓడారు. తరువాత చైనీస్ తైపీ జంటను మూడు గేముల్లో, సింగపూర్ జంటను రెండు గేముల్లో ఓడించారు. మూడింట రెండు గెలిచినా చాలలేదు. తైపీ జంట జపాన్‌పై వరుస గేముల్లో గెలవడంతో మూడు జంటలూ రెండేసి విజయాలతో సమానమయ్యాయి. గెలిచిన, ఓడిన గేముల లెక్కలో తైపీ ముందుకు పోయింది. జపాన్, భారత్ అక్కడా సమానం. చివరికి పాయింట్ల తేడా చూస్తే భారత్ ఒకే ఒక్క పాయింటు వెనుకబడింది. జపాన్-తైపీ మ్యాచ్‌ను పరిశీలించాలని భారత బృందం చేసిన ఫిర్యాదును ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య తోసిపుచ్చింది.

అదే రోజు ఇతర గ్రూపుల్లో సులభమైన ప్రత్యర్థి కోసం కావాలని ఓడిపోవడానికి ప్రయత్నించినందుకు చైనా జంట ఒకటి, దక్షిణ కొరియా జంటలు రెండు, ఇండోనేషియా జంట ఒకటి బహిష్కరణకు గురయ్యాయి. ప్రపంచమంతా ఆ నాలుగు జంటల గురించి మాట్లాడింది. 2016 రియోకు నిబంధన మార్చారు. గ్రూపులో రెండవ స్థానం పొందిన జంటలకు గ్రూపు దశ ముగిశాకే మళ్లీ చీటీ తీసే పద్ధతి వచ్చింది. మన జంట విషయంలో మాత్రం ఆ మార్పు అక్కరకు వచ్చేది కాదు. తాము ఆడని మ్యాచ్ ఫలితం తమ భవిష్యత్తును నిర్ణయించడమన్నది గ్రూపు పద్ధతిలో ఉన్న గుణం.

ధర, క్రమశిక్షణ, శిక్షకుడు:

2013లో ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ మొదలైంది. క్రీడాకారుల విలువను డాలర్లలో బహిరంగంగా ప్రకటించిన సందర్భం కాబట్టి చరిత్రకారులకు ఇది మంచి ఆధారం. ఐకాన్ క్రీడాకారులకు కనీస ధర 50,000 డాలర్లుగా నిర్ణయించి, అందులో జ్వాల, అశ్వినిల పేర్లు చేర్చారు. తరువాత లీగ్ నుండి మహిళల డబుల్స్ విభాగాన్నే తొలగించారు. ఒక పోటీలో ఉండేవి రెండు పురుషుల సింగిల్స్, ఒక మహిళల సింగిల్స్, ఒక పురుషుల డబుల్స్, ఒక మిక్స్‌డ్ డబుల్స్. వీరిద్దరి కనీస ధరను 25,000కు తగ్గించారు. వేలంలో సైనా ధర 1,20,000 డాలర్లు పలకగా, జ్వాల 31,000కు, అశ్విని 25,000కు అమ్ముడయ్యారు. ముందుగా తెలియజేయలేదని ఇద్దరూ నిరసించారు. తేడా సొమ్ము చెల్లిస్తామని నిర్వాహకులు అన్నారు.

ఈ ఉదంతాన్ని అవమానంగా వర్ణించిన కథనాలు చాలా ఉన్నాయి. అంతకన్నా ముఖ్యమైనది ఇందులోని తర్కం. ప్రపంచ పతకం తెచ్చిన విభాగాన్ని తీసివేస్తే, ఆ విభాగంలోని నైపుణ్యానికి వెల ఉండదు. ఆ ఇద్దరూ కలిసి ఉన్నప్పుడే విలువైన జంట. విడివిడిగా వేరే జట్లకు వెళ్లినప్పుడు ఆ విలువ ఎవరి దగ్గరా మిగలదు. జ్వాల ఢిల్లీకి, అశ్విని పుణెకు వెళ్లారు.

ఆ లీగ్‌లోనే ఒక మ్యాచ్ ఆలస్యానికి సంబంధించిన వివాదంలో భారత బ్యాడ్మింటన్ సంఘపు క్రమశిక్షణ సంఘం జ్వాలపై జీవితకాల నిషేధం దాకా సిఫారసు చేసింది. ఆమె ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించి, పోటీలలో పాల్గొనే అనుమతి పొందారు. ఒక ఆలస్యానికి జీవితకాల నిషేధం అన్న ప్రతిపాదనలోని అసమతుల్యతను వేరే వివరించనక్కరలేదు.

మూడవది శిక్షణ ప్రశ్న. డబుల్స్‌కు ప్రత్యేక శిక్షకుడు లేడనీ, జాతీయ వ్యవస్థ మొత్తం సింగిల్స్ చుట్టూ తిరుగుతోందనీ జ్వాల బహిరంగంగా పలుమార్లు అన్నారు. జాతీయ ప్రధాన శిక్షకుడే సొంత అకాడమీ నడపడాన్నీ ఆమె ప్రశ్నించారు. ఇక్కడ గోపీచంద్ పక్షాన చెప్పవలసినది కూడా ఉంది. పరిమిత వనరులతో పతకాలు తేవలసిన శిక్షకుడు ఒక్కరితో పతకం వచ్చే సింగిల్స్ మీద దృష్టి పెట్టడం అర్థం లేని పని కాదు, ఆ ఎంపికకు ఫలితాలూ వచ్చాయి. అయితే ఆ ఎంపిక వల్ల ఎవరు నష్టపోయారో రాయడం చరిత్ర పని.

ఈ ఒడుదుడుకుల మధ్యే 2014లో గ్లాస్గో కామన్వెల్త్ రజతం, ఢిల్లీ ఉబెర్ కప్ జట్టు కాంస్యం, 2015 జూన్‌లో కెనడా ఓపెన్ టైటిల్ వచ్చాయి. 2016 రియోలో గ్రూపు దశలోనే మూడు మ్యాచ్‌లూ ఓడిపోవడంతో ఆ జంట ఒలింపిక్ ప్రయాణం ముగిసింది.

తరువాతి తరం:

2015లో మలేషియాకు చెందిన తాన్ కిమ్ హెర్ భారత డబుల్స్ శిక్షకుడిగా వచ్చారు. జ్వాల అడిగినది దొరికేసరికి ఆమెకు ముప్పై రెండేళ్లు నిండుతున్నాయి. ఆ నియామకం ఫలం అందుకొన్నది అమలాపురం కుర్రవాడు. 2000 ఆగస్టు 13న పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్‌ను, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టిని 2016లో జంటగా కలిపింది తాన్ కిమ్ హెర్. ఇద్దరూ వెనుక నుండి బలంగా కొట్టేవారే కావడం వల్ల ఒకరు నెట్ ఆట నేర్చుకోక తప్పలేదు. సింగిల్స్ శిక్షకుడు ఇటువంటి జంటను కుదర్చడం కష్టం.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో లండన్ కథ దాదాపు పునరావృతమైంది. ఈ జంట మూడింట రెండు గెలిచింది, నాలుగు గేములు గెలిచి మూడు ఓడింది, మూడు జంటల సమానత్వంలో గేముల తేడాతో వెనుదిరిగింది. తాము గ్రూపులో ఓడించిన తైపీ జంట లీ యాంగ్, వాంగ్ చి లిన్ స్వర్ణం గెలుచుకొన్నది. కాని ఈసారి నష్టం వృత్తిని దెబ్బతీయలేదు. జంటను విడదీయలేదు, డెన్మార్క్ మాజీ ఆటగాడు మథియాస్ బో శిక్షణ కొనసాగింది. 2022లో కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ కాంస్యం, 2023లో ఆసియా చాంపియన్‌షిప్, ఇండోనేషియా ఓపెన్, ఆసియా క్రీడల స్వర్ణం వచ్చాయి. 2023 అక్టోబరు 10న వీరు ప్రపంచ ర్యాంకుల్లో ప్రథమ స్థానం చేరారు. అర్జున పురస్కారం (2020), ఖేల్ రత్న (2023) రెండూ ఇద్దరికీ ఒకే ఏడాది వచ్చాయి. జ్వాల, అశ్వినిల తేదీలతో పోల్చి చూస్తే వ్యవస్థలో వచ్చిన మార్పు ఇక్కడే కనిపిస్తుంది.

మార్పు పూర్తయిందని అనలేం. 2022 మేలో బ్యాంకాక్‌లో భారత్ థామస్ కప్ గెలిచినప్పుడు క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్ రెండూ 3-2తో ముగిశాయి. ఆ రెండింట్లోనూ తొలి డబుల్స్ సాత్విక్-చిరాగ్ గెలిచారు. రెండవ డబుల్స్‌లో గరగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్ ఓడిపోయారు. ఇద్దరూ తెలుగువారే అయిన ఈ అరుదైన జంట గురించి తెలుగు పత్రికల్లో వచ్చినది బహు స్వల్పం. మొదటి జంట వెనుక రెండవ జంటను నిలబెట్టే ఏర్పాటు ఇంకా బలహీనంగానే ఉందన్న సంగతిని ఆ రెండు ఓటములు చూపుతాయి.

మహిళల డబుల్స్‌లో ఇటీవల వినిపిస్తున్న పేరు గాయత్రి. కేరళకు చెందిన ట్రీసా జాలీతో కలిసి ఆమె 2022లోను, 2023లోను ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్ చేరింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఆ జంటకు కాంస్యం వచ్చింది. గాయత్రి తండ్రి పుల్లెల గోపీచంద్.